కార్డు బోనస్‌తో సింగపూర్: విశాఖ నుంచి వేసుకోవాల్సిన లెక్క

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో చెప్పే క్రెడిట్ కార్డు లెక్కలు ఇక్కడికి తెచ్చి అతికించలేం. అక్కడ కొత్త కార్డు తీసుకుని 3 నెలల్లో 4,000 డాలర్లు ఖర్చు పెడితే 60,000 పాయింట్లు రావడం మామూలు. ఒక్క కార్డుతో ఒక మనిషి టికెట్ తేలిపోతుంది. మన బ్యాంకులు కొత్త కార్డు తీసుకున్నందుకు ఇచ్చే వెల్‌కమ్ బోనస్ చాలా కార్డుల్లో మనం కట్టిన మొదటి ఏడాది ఫీజునే వోచర్‌గానో పాయింట్లుగానో తిరిగి చేతిలో పెట్టడం. ఫీజు 5,000 అంటే 18 శాతం జీఎస్టీతో 5,900 కడతాం. 5,000 వోచర్ వస్తుంది. 900 చేతి నుంచి పోయినట్టే. ఆ వోచర్ మనం ఎప్పుడూ గడప తొక్కని దుకాణానిదైతే ఇక చెప్పేదేముంది.

అయినా ఈ బోనస్‌లను నమ్ముకుని సింగపూర్ వెళ్లిరావచ్చు. యాత్ర మొత్తం కాదు, అందులో బరువైన ఒక భాగం వీటి మీద వేయొచ్చు. ఏ భాగం అన్నదగ్గరే విశాఖ వాళ్ల లెక్క చెన్నై, హైదరాబాద్ వాళ్ల లెక్క నుంచి విడిపోతుంది.

విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా వెళ్లేది స్కూట్. 2019 వరకు సిల్క్ ఎయిర్ నడిపిన దారి ఇది; అప్పటి సిల్క్ ఎయిర్, ఇప్పటి స్కూట్ రెండూ సింగపూర్ ఎయిర్‌లైన్స్ అనుబంధ సంస్థలే. ప్రయాణం సుమారు 4 గంటలు. చవక విమానం కాబట్టి మామూలు టికెట్‌లో సీటు, 10 కిలోల చేతి సామాను తప్ప ఇంకేం రావు. లగేజీ, భోజనం, నచ్చిన సీటు అన్నీ విడివిడిగా కొనుక్కోవాలి. కార్డు పాయింట్లను మార్చుకుంటే వచ్చే సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ మైళ్లతో (విమాన టికెట్లకు వాడే పాయింట్లు) స్కూట్ ధర తగ్గించుకోవచ్చు గానీ ఆ దారిలో మైలుకు దక్కే విలువ తక్కువ. మైళ్లు బాగా పలికేది అసలు సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానంలో. దానికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాలి.

అక్కడే లెక్క తిరగబడుతుంది. నలుగురున్న ఇంటికి చెన్నై రానుపోను ఖర్చు, అక్కడ ఒక రాత్రి బస కలిపితే మైళ్లతో మిగిల్చింది సగం కరిగిపోతుంది. రెండు టికెట్లు వేర్వేరు పీఎన్ఆర్‌ల మీద ఉంటే విశాఖ విమానం ఆలస్యమై సింగపూర్ విమానం తప్పిపోయినా అడిగే నాథుడుండడు. అందుకే ఆ ఒక రాత్రి బస తప్పించుకోలేని ఖర్చు. పైగా తక్కువ మైళ్ల సీట్లు ఒకే విమానంలో నాలుగు ఖాళీగా ఉండటం, అదీ పిల్లల సెలవుల్లో, అరుదు. 4 గంటల ప్రయాణానికి బిజినెస్ క్లాస్‌లో మైళ్లు పోయడం దండగ. ఆ సరదా పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే నాటికి దాచుకోండి. విమానానికి డబ్బు కట్టి స్కూట్ ఎక్కడం, బోనస్ పాయింట్లను హోటల్ మీద పెట్టడం విశాఖ వాళ్లకు కలిసొచ్చే పద్ధతి. సింగపూర్‌లో జేబు ఖాళీ చేసేది హోటలే.

నమ్మకం కుదరకపోతే ఈ చిన్న లెక్క వేసి చూడండి. టికెట్ ధరలోంచి, మైళ్లతో కొన్నా కట్టాల్సిన పన్నులు తీసేసి, మిగిలింది మైళ్ల సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు టికెట్ 18,000, మైళ్లతో అయితే 15,000 మైళ్లు, పైన 4,500 పన్నులు అనుకుందాం. 13,500ను 15,000తో భాగిస్తే మైలుకు 90 పైసలు. ఒక కార్డు పాయింటుకు ఒక మైలు అనుకుంటే, హోటల్లో అదే పాయింటుకు రూపాయి వస్తుంటే విమానం వైపు చూడనక్కర్లేదు.

హోటళ్లలో రెండు దారులున్నాయి. ఒకటి అకోర్ అనే హోటళ్ల గొలుసు వారి పాయింట్లు. 2,000 పాయింట్లకు 40 యూరోలు బిల్లులో తగ్గుతాయి, ఏ రోజైనా ఇదే లెక్క. యూరో 100 రూపాయలు అనుకుంటే 2,000 పాయింట్లు 4,000 రూపాయలు. కార్డు పాయింట్లను బ్యాంకు 2కు 1 చొప్పున మారిస్తే కార్డు పాయింటు విలువ సరిగ్గా రూపాయి. అకోర్ గొలుసులో సింగపూర్‌లో మధ్యతరగతికి సరిపడేది బెన్‌కూలెన్ స్ట్రీట్ ఐబిస్. గది చిన్నది, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పెద్ద పిల్లలైతే రెండు గదులు తీసుకోక తప్పదు. కానీ లిటిల్ ఇండియా నడక దూరం, రాత్రి అన్నం దొరుకుతుందో లేదోనన్న దిగులుండదు. ప్రయాణం కుదరకపోతే ఇవే పాయింట్లు మన బీచ్ రోడ్డులోని నొవొటెల్ వరుణ్ బీచ్‌లోనూ చెల్లుతాయి. పాయింట్లు ఊరికే పడి పాడవ్వవన్నది ఈ దారిలో నచ్చే గుణం.

రెండో దారి ఉచిత రాత్రి. మారియట్ హోటళ్ల పేరుతో 2023లో వచ్చిన మారియట్ బాన్‌వాయ్ హెచ్‌డీఎఫ్‌సీ కార్డును 3,000 ఫీజుతో, అంటే జీఎస్టీతో 3,540తో తెచ్చారు. స్వాగతంగా 15,000 పాయింట్ల లోపు హోటల్లో ఒక రాత్రి, ఏడాది గడువుతో. వినడానికి బాగుంది. కానీ మారియట్‌లో పాయింట్ల ధర రోజును బట్టి మారుతుంది, సింగపూర్‌లో వాళ్ల హోటళ్లు చాలావరకు 15,000కు అందవు. సొంత పాయింట్లు ఇంకో 15,000 దాకా కలపొచ్చు గానీ, మొదటి ఏడాదే అన్ని పాయింట్లు ఎవరి దగ్గరుంటాయి? ఆ రాత్రిని కౌలాలంపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో వాడితే చక్కని హోటల్ దొరుకుతుంది. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు బస్సులో 5, 6 గంటలు, సరిహద్దులో రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ. మలేసియాకు మనవాళ్లకు 2026 చివరి వరకు వీసా అక్కర్లేదు. ఇంకో సంగతి, ఈ కార్డు వీసా, రూపే లాంటిదే అయిన డైనర్స్ క్లబ్ నెట్‌వర్క్ మీద నడుస్తుంది. పూర్ణా మార్కెట్‌లో డైనర్స్ తీసుకునే కొట్టు వెతకడం కంటే సింగపూర్ వెళ్లిరావడం తేలిక.

సెంటోసా దీవిలో బస గురించి అడిగేవాళ్లు ఎక్కువ. వద్దనే చెప్పాలి. వివోసిటీ మాల్ నుంచి సెంటోసా ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్లి ఒక రోజంతా తిరిగి వచ్చేస్తే సరిపోతుంది. పాయింట్లు ఎంత ఉన్నా అక్కడి రిసార్టులు మింగేస్తాయి.

ఇక కార్డు ఎప్పుడు తీసుకోవాలి? తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. సంక్రాంతి రద్దీ తగ్గాక జనవరి మూడో వారంలో ప్రయాణం అనుకుంటే జూన్‌లో మొదలుపెట్టాలి. జూన్‌లో స్కూలు ఫీజులు, తర్వాత ఆషాఢం ఆఫర్ల బట్టలు, దసరాకు ఏ ఫ్రిజ్జో వాషింగ్ మెషీనో ఎలాగూ పెట్టే ఖర్చులే. కొత్త ఖర్చు పుట్టించకుండా వీటినే కార్డు మీదికి మళ్లించాలి. భార్యాభర్తల్లో ఒకరు జూన్‌లో, రెండోవారు సెప్టెంబరులో తీసుకుంటే రెండు బోనస్‌లు. ఒకరి కార్డు మీదే ఇంట్లో ఇంకొకరికి తీసుకునే యాడ్-ఆన్ కార్డుకు విడిగా బోనస్ రాదు, అది అసలు కార్డుకు తోకే. ఒకేసారి నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెడితే నాలుగు ఎంక్వైరీలు మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో పడతాయి, తర్వాతి బ్యాంకు తల అడ్డంగా ఊపుతుంది. చైనా కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ పండగ రోజుల్లో సింగపూర్‌లో చాలా కొట్లు మూసి ఉంటాయి, తేదీలు తప్పించుకోండి.

షాపింగ్ మాల్ ముందు బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాడు "లైఫ్‌టైమ్ ఫ్రీ సార్" అంటాడు. అబద్ధం కాదు. కానీ ఫీజు లేని కార్డుకు చాలా బ్యాంకులు వెల్‌కమ్ బోనస్ ఇవ్వవు. మొదటి ఏడాది ఫ్రీ అన్నా అదే కథ. సంతకం పెట్టేముందు అడగాల్సింది ఒకటే: ఫీజు కట్టి తీసుకుంటే ఏమొస్తుంది, కట్టకపోతే ఏం పోతుంది? నోటిమాట కాదు, ఆ కార్డు షరతుల కాగితంలో చూపించమనండి. అదే బ్యాంకు కార్డు ఇప్పటికే ఉండి దాన్ని పై రకం కార్డుకు మార్చుకుంటే కొత్త బోనస్ ఇవ్వని బ్యాంకులు కూడా ఉన్నాయి.

బోనస్ కోసం పెట్టాల్సిన ఖర్చు దగ్గరే ఎక్కువమంది జారిపడతారు. గడువు సాధారణంగా కార్డు జారీ అయిన రోజు నుంచి మొదలవుతుంది, కొరియర్ వాడు గుమ్మంలో ఇచ్చిన రోజు నుంచి కాదు. ఆ మధ్యలో వారం పోతుంది. పెట్రోలు, వాలెట్‌లో వేసుకున్న డబ్బు, ఈఎంఐకి మార్చిన కొనుగోళ్లు, ఏటీఎంలో తీసిన నగదు చాలా కార్డుల్లో లెక్కలోకి రావు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ ప్రీమియానికి కొన్నిట్లో నెలవారీ పరిమితి ఉంటుంది. జీవీఎంసీ (విశాఖ నగర పాలక సంస్థ) ఇంటి పన్ను ప్రభుత్వ చెల్లింపు కింద పడి అసలు లెక్కకే రాకపోవచ్చు. బంగారం కొని టార్గెట్ దాటేద్దామనుకునేవాళ్లు ముందుగా షరతులు చూసుకోవాలి. కొన్న వస్తువు వెనక్కి ఇస్తే ఆ మొత్తం తీసేస్తారు. 1,00,000 టార్గెట్‌కు సరిగ్గా 1,00,200 దగ్గర ఆగి, తర్వాత 900 రూపాయల చీర వాపసు చేసినవాళ్లకు బోనస్ రాదు. టార్గెట్ మీద కనీసం 5 శాతం ఎక్కువ పెట్టుకోండి, అదీ గడువుకు వారం ముందే, ఎందుకంటే గీకిన రోజుకూ ఖాతాలో పడే రోజుకూ తేడా ఉంటుంది. రైతు బజారులో కార్డు చెల్లదు, కానీ రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకుంటే వ్యాపారి క్యూఆర్ మీద చెల్లుతుంది. మనిషి సొంత నంబరుకు పంపడానికి పనికిరాదు.

వీటన్నిటికీ పైన ఒక్క షరతు: బిల్లు మొత్తం డ్యూ డేట్‌లోపు కట్టాలి. నెలకు 3.75 శాతం వడ్డీ ఉన్న కార్డులో 1,00,000 బాకీ ఒక నెల నిలిపితే 3,750 వడ్డీ, దాని మీద 675 జీఎస్టీ, మొత్తం 4,425. ఒక్క నెలలో బోనస్ అంతా ఎగిరిపోయింది. రెండో నెలకు అసలుకే ఎసరు. మినిమమ్ డ్యూ కట్టి ఊరుకునే అలవాటున్నవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు.

పాయింట్లు మార్చేటప్పుడు మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తిప్పలు పేరు దగ్గర. బ్యాంకులో ఇంటిపేరు ఒక్క అక్షరం, దాని వెనక ఇంకో రెండు అక్షరాలు, చివర పేరు. పాస్‌పోర్టులో అవే అక్షరాలు పూర్తిగా విప్పి, ఇంటిపేరు వేరే గడిలో. హోటల్ సభ్యత్వం పాస్‌పోర్టు పేరుతో తెరిస్తే బ్యాంకు పేరుతో కలవక బదిలీ ఆగిపోవచ్చు. ముందు బ్యాంకులో పేరు పాస్‌పోర్టు ప్రకారం సరిచేయించుకుని, ఆ తర్వాతే సభ్యత్వం తెరవాలి. బ్యాంకు నుంచి ఒకసారి వెళ్లిన పాయింట్లు వెనక్కి రావు కనుక గది ఖాళీ ఉందని చూసుకున్నాకే బటన్ నొక్కండి. బదిలీకి రోజులు పట్టొచ్చు. మైళ్లు దాచుకునేవాళ్లకు గుర్తుండాల్సింది: క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు గడువు 3 ఏళ్లు, ఖాతాదారు కాక ఇంకో 5 మందిని నామినీలుగా పెట్టి వాళ్లకు టికెట్లు తీయొచ్చు.

సింగపూర్ వీసాకు మనం నేరుగా దరఖాస్తు పెట్టలేం, మామూలుగా గుర్తింపు పొందిన ఏజెంటు ద్వారా పెట్టాలి. ప్రభుత్వ ఫీజు మనిషికి 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు కమీషన్ అదనం. దిగేముందు 3 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాల్సిన ఎస్‌జీ అరైవల్ కార్డు అనే ఫారం ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే మూసేయండి. ఏజెంటు దగ్గరే విమానం, హోటల్ కలిపి ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) కూడా వసూలు చేస్తారు. రిటర్నులు వేసినప్పుడు సర్దుబాటవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. విడివిడిగా బుక్ చేసుకోవడానికి ఇదింకో కారణం. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానం ఎక్కాల్సి వస్తే గాజువాక వైపువాళ్లు టాక్సీకి, టైముకు వేరే లెక్క వేసుకోవాలి.

అక్కడ దిగాక కార్డు పనిచేయకపోతే కంగారు పడకండి. 2020 నుంచి మన కార్డుల్లో విదేశీ వాడకం మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి, బయల్దేరేముందే చేసుకుంటే సరి. మామూలు కార్డుకు విదేశీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసే 3.5 శాతం మార్కప్, దానిపై జీఎస్టీ, మొత్తం 4.13 శాతం. 60,000 ఖర్చుకు 2,478. అందుకే బోనస్ తెచ్చిన కార్డు అక్కడ గీకొద్దు. స్కాపియా ఫెడరల్ లాంటి మార్కప్ లేని కార్డు ఒకటి జేబులో ఉంచుకోండి. మెషీన్ "రూపాయల్లో కడతారా" అని అడిగితే వద్దని సింగపూర్ డాలర్లే నొక్కాలి. రూపాయల్లో కడితే వాళ్ల మారకం రేటు మన మీద పడుతుంది. మెట్రోలో మన కార్డు నేరుగా తాకించొచ్చు గానీ విదేశీ కార్డుకు రోజుకు 60 సెంట్లు అదనం, పైగా మనిషికో కార్డు కావాలి. నలుగురికి ముందే డబ్బు వేసుకుని వాడే అక్కడి ఈజీ-లింక్ ప్రయాణ కార్డులే మేలు. హోటల్ వాళ్లు డిపాజిట్ కింద కార్డు మీద కొంత లిమిట్ ఆపుతారు, అది వదలడానికి ఇంటికొచ్చాక కూడా రోజులు పట్టొచ్చు. సాయంత్రం 7.45కు, 8.45కు గార్డెన్స్ బై ద బేలో చెట్ల లైట్ల ప్రదర్శన ఉచితం. పాయింట్లతో గానీ డబ్బుతో గానీ పని లేనివాటిలో అదొకటి.

వచ్చాక రెండో ఏడాది ఫీజు పడకముందే కార్డు ఉంచాలా మూయాలా తేల్చుకోండి. మూయాలనుకుంటే ముందు మిగిలిన పాయింట్లు బదిలీ చేయాలి, కార్డుతో పాటు అవీ పోతాయి. ఆ తర్వాత బాకీ సున్నా చేసి రాతపూర్వకంగా అడగాలి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బాకీ లేకపోతే 7 పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మనకు కట్టాలి.