నెరుల్‌లో యూటూ: ఆ నలుగురినీ కలిపి చూసిన రాత్రి

పాత బ్యాండ్ల కచేరీకి ఇప్పుడెందుకు వెళ్లడం, గొంతు అప్పట్లా ఉండదు కదా, ఆ టికెట్ డబ్బులతో మంచి స్పీకర్లు కొనుక్కోవచ్చు కదా అనే వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. 2019 డిసెంబరు 15న నవీ ముంబైలో, నెరుల్ దగ్గరున్న డీవై పాటిల్ స్టేడియంలో ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూని చూసొచ్చాక నేను చెప్పేది ఒక్కటే: అవకాశం దొరికితే వదలొద్దు. ప్రయాణం, బస, స్టేడియంలో ఎక్కడ నిలబడాలి అన్నవి ముందే తేల్చుకుంటే చాలు, మిగతా రోజంతా పాటకే దక్కుతుంది.

యూటూ మన దేశంలో కచేరీ చేయడం అదే మొదటిసారి. తమ 1987 ఆల్బమ్ పేరు మీద చేసిన 'ద జాషువా ట్రీ' టూర్‌లో ఆఖరి ప్రదర్శన కూడా అదే. 1976లో డబ్లిన్‌లో ఒకే స్కూలు పిల్లలుగా మొదలుపెట్టిన బోనో (గొంతు), ఎడ్జ్ (గిటార్), ఆడమ్ క్లేటన్ (బేస్), లారీ ముల్లెన్ (డ్రమ్స్) అప్పటికీ ఆ నలుగురే. నలభై ఏళ్లు దాటినా మనుషులు మారని బ్యాండ్లు ఎన్నున్నాయి చెప్పండి? 2023లో లాస్ వేగాస్ స్ఫియర్‌లో వీళ్లు ప్రదర్శనలు మొదలుపెట్టినప్పుడు లారీ ఆరోగ్యం బాగోక డ్రమ్స్ దగ్గర లేడు. ఆ వార్త చదివినప్పుడు, నెరుల్‌లో నలుగురినీ కలిపి చూడగలిగాం కదా అని ఎంత తృప్తిగా అనిపించిందో.

మా మేనల్లుడితో కలిసి నాంపల్లిలో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. వాడు కాలేజీలో బేస్ గిటార్ నేర్చుకుంటున్నాడు. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు ఆ రైలు ఆగే ఆఖరి స్టేషను, ముంబై సీఎస్ఎంటీ దాకా పోనక్కర్లేదు. తెల్లవారుజామున కల్యాణ్‌లో దిగి, లోకల్‌లో థానే చేరి, అక్కడ ట్రాన్స్‌హార్బర్ లైన్ పట్టుకుంటే తిన్నగా నవీ ముంబైలో తేలతారు. విమానంలో వెళ్తే గంటన్నరలో దిగుతాం నిజమే, కానీ ఆ రోజుల్లో అంధేరీ వైపు ఎయిర్‌పోర్టు నుంచి వాశీ వంతెన దాటి రావడానికే బోలెడు సమయం పట్టేది. ఇప్పుడు నవీ ముంబైకే ఎయిర్‌పోర్టు వచ్చింది కాబట్టి ఆ లెక్క మారింది. ఇంకో సంగతి, ఆదివారాలు లోకల్ రైళ్లకి మెగా బ్లాక్ ఉంటుంది. మరమ్మతుల కోసం పగటిపూట కొన్ని గంటలు కొన్ని లైన్లు ఆపేస్తారు. కచేరీ ఆదివారం పడితే ముందు రోజే ఆ ప్రకటన చూసుకోవాలి.

బస విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. కొలాబా, బాంద్రా లాంటి చోట్ల గది తీసుకోకండి. ముంబై చూడాలంటే మర్నాడు చూడొచ్చు. కచేరీ రాత్రి మాత్రం నెరుల్, జుయ్‌నగర్, సాన్‌పాడా, వాశీ, వీటిలో ఎక్కడున్నా సుఖమే. మేం వాశీలో ఒక చిన్న లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ ముందే ఒప్పుకున్న రేటు మీద 'ఈవెంట్ రోజు' అంటూ కౌంటర్ దగ్గర అదనంగా అడిగారు. ఫోన్‌లో ఉన్న బుకింగ్ మెసేజీ చూపిస్తే తగ్గారు. అందుకే రేటు రాతపూర్వకంగా తీసుకోండి, మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు. భోజనం స్టేషన్ దగ్గరే కానిచ్చాం. వేడివేడి వడాపావ్, పైన వేయించిన పచ్చిమిర్చి, తర్వాత కటింగ్ చాయ్. గంటల తరబడి నిలబడాల్సిన రోజున అంతకంటే బరువుగా తినకపోవడమే మంచిది.

మధ్యాహ్నం తర్వాత నెరుల్ స్టేషన్‌లో దిగేసరికే దారి చూపించమని ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. నల్ల టీషర్టుల గుంపు వెనకాలే నడిచాం. నలభై వేల పైచిలుకు జనం వచ్చారు ఆ రాత్రి. జుట్టు నెరిసినవాళ్లు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నవాళ్లు, గువాహటి నుంచి, షిల్లాంగ్ నుంచి వచ్చినవాళ్లు కూడా క్యూలో కలిశారు. ఈశాన్య రాష్ట్రాల్లో రాక్ సంగీతం మీద ఉన్న ప్రేమ గురించి వినడమే గానీ, అంత దూరం నుంచి రైళ్లు మారి వచ్చినవాళ్లని చూడటం వేరు.

గ్రౌండా, స్టాండ్సా? స్టాండ్స్‌లో కూర్చునే సుఖం ఉంది, తెర మొత్తం కళ్లముందు ఉంటుంది. పెద్దవాళ్లతో వెళ్తే అదే మేలు. సంగీతం కోసమే వెళ్లేవాళ్లు మాత్రం గ్రౌండ్ తీసుకుని, వేదికకి ఎదురుగా ఉండే సౌండ్ మిక్సింగ్ డెస్క్ దగ్గర చోటు చూసుకోండి. సౌండ్ ఇంజినీరు తను వింటున్నదాన్ని బట్టే అంతా సరిచేస్తాడు కాబట్టి అక్కడ వినిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా వినిపించదు. ముందు వరసల కోసం తోసుకోవడంలో నాకు అర్థం కనపడలేదు.

'సండే బ్లడీ సండే'తో మొదలుపెట్టారు, అదీ పెద్ద వేదిక మీద కాదు. జనం మధ్యలోకి చొచ్చుకొచ్చిన చిన్న వేదిక ఒకటుంది, వెనక తెర మీదున్న జాషువా చెట్టు నీడ నేల మీద పడినట్టు దాన్ని కట్టారు. ముందు లారీ ఒక్కడే డ్రమ్స్ అందుకున్నాడు, తర్వాత ఎడ్జ్ గిటార్. కొన్ని పాటల తర్వాత నలుగురూ వెనక్కి నడిచి పెద్ద తెర ముందుకెళ్లారు. తెర మొత్తం ఎర్రగా మారింది. ఆ ఎరుపు ముందు నాలుగు నల్లటి ఆకారాలు. ఆల్బమ్‌లో మొదటి పాట 'వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్' అది. ఆర్గాన్ మెల్లగా పైకి లేస్తుంటే ఎడ్జ్ గిటార్ ఆరు మాత్రల నడకలో మొదలై, బేస్, డ్రమ్స్ కలిసేసరికి నాలుగు మాత్రల్లోకి మారింది. రికార్డులో ఎన్నోసార్లు విన్న మార్పే అది. కానీ నలభై వేల మంది ఒక్కసారిగా ఎగిరితే కాళ్ల కింద నేల కదిలింది. తెర మీద ఎడారి రోడ్డు పరిగెత్తడం మొదలైంది. ఆంటన్ కోర్బైన్ తీసిన దృశ్యాలవి. 1987 ఆల్బమ్ అట్ట మీది ఫొటో తీసిందీ ఆయనే.

అక్కణ్నుంచి ఆల్బమ్‌ని ఉన్నది ఉన్నట్టు, అదే వరసలో వాయించారు. ఈ కచేరీకి అసలు విలువ అక్కడుందని నా నమ్మకం. హిట్ పాటలు ఏరి వాయిస్తే అందరూ పాడతారు, అయిపోతుంది. వరసగా వాయిస్తే మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని, రికార్డు రెండో వైపు పాటలు కూడా వాటి చోట్లో నిలబడతాయి. 'రెడ్ హిల్ మైనింగ్ టౌన్'కి తెర మీద ఒక బ్రాస్ బ్యాండ్ వాయిస్తూ కనిపించింది. గని కార్మికుల సమ్మె నేపథ్యంలో రాసిన పాట అది. సింగరేణి ఊళ్లో పెరిగిన నాకు ఆ పాట దగ్గర గొంతు పట్టేసింది. బోనో గొంతు పై స్థాయిలో అక్కడక్కడా తేలిపోయిన మాట నిజమే. అలాంటి చోట్ల జనం అందుకున్నారు, ఆయన మైకు మనవైపు తిప్పాడు.

'విత్ ఆర్ వితౌట్ యూ' వస్తుంటే మా వాడు నా చెయ్యి పట్టుకుని, "మామయ్యా, ఆడమ్ వేళ్లు చూడు, పాటంతా అవే నాలుగు స్వరాలు!" అన్నాడు. నిజంగానే అంతే. దాదాపు మొదటి నుంచి చివరి దాకా అదే చిన్న వరస తిరుగుతుంటుంది, దాని మీద గిటార్, గొంతు, డ్రమ్స్ పెరుగుతూ తరుగుతూ ఉంటాయి.

ఆల్బమ్ అయ్యాక మళ్లీ వచ్చి హుషారు పాటలు అందుకున్నారు. 'అల్ట్రావయొలెట్' దగ్గర తెర మీద లోకాన్ని మార్చిన ఆడవాళ్ల ముఖాలు వరసగా వచ్చాయి. వాటిలో మన జర్నలిస్టు గౌరీ లంకేశ్ కనపడగానే స్టేడియం హోరెత్తింది. తర్వాత ఏఆర్ రహ్మాన్ కూతుళ్లతో కలిసి వేదిక ఎక్కి, ఆ ఏడాదే విడుదలైన 'అహింస' పాడారు. ఐరిష్ బ్యాండ్ పాటలో తమిళ పదాలు వినిపించడం అక్కడున్న దక్షిణాది వాళ్లందరికీ ఎంత ఆనందమో! మన పక్కింటి భాష కదా. తెర మీద మన జెండాతో 'వన్' పాడారు.

బయటికి రావడమే కష్టమైన పని. క్యాబ్ యాప్‌లో రేట్లు మామూలు కంటే ఎన్నో రెట్లు చూపించాయి, ఒప్పుకున్నా బండ్లు కదిలే దారి లేదు. నడిచి స్టేషన్‌కి వెళ్లడమే నయం, చివరి లోకల్ టైము మాత్రం ముందే రాసి పెట్టుకోండి. మేం జనం పల్చబడేదాకా ఆగి, ఆ తర్వాత వాశీ వైపు బండెక్కాం.

మర్నాడు కాలాఘోడా వెళ్లాం. ముంబైలో పాటల పిచ్చి ఉన్నవాళ్లంతా తిరిగిన రిథమ్ హౌస్ షాపు 2016లోనే మూతపడింది, షట్టరు బయట నుంచే చూశాం. సాయంత్రం మెరైన్ డ్రైవ్, రాత్రికి సీఎస్ఎంటీలో మళ్లీ హుస్సేన్‌సాగర్. ఇంకోసారి ఇలాంటి కచేరీకి వెళ్తే గదికి పెట్టే డబ్బు ఇంకాస్త తగ్గించి గ్రౌండ్ టికెట్‌కే పెడతాను. మా వాడైతే పై బెర్తు మీద పడుకుని పుణే దాటేదాకా ఆ నాలుగు స్వరాలే కూనిరాగం తీశాడు.