ప్రైవేట్ కీ: ఇంపోర్ట్ మేలా, స్వీప్ మేలా?

బిట్‌కాయిన్ ప్రైవేట్ కీని (సొమ్మును ఖర్చుపెట్టే రహస్య సంకేతాన్ని) కాగితం మీద రాసుకున్న పాత పేపర్ వాలెట్ బయటపడినవాళ్లు, వాలెట్ యాప్ మార్చేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. రెండింటిలోనూ కీ ఇవ్వక తప్పదు, తేడా ఆ తర్వాతే. ఇంపోర్ట్ చేస్తే బిట్‌కాయిన్ పాత అడ్రస్‌లోనే ఉంటుంది, దాన్ని ఖర్చుపెట్టే వీలు మాత్రం మీ వాలెట్‌కు వస్తుంది. స్వీప్ చేస్తే అందులోని మొత్తమంతా మీ కొత్త అడ్రస్‌కు వెళ్లిపోతుంది.

ఇంపోర్ట్‌కు ఖర్చు లేదు. స్వీప్‌కు నెట్‌వర్క్ ఫీజు పడుతుంది. పాత అడ్రస్‌కు చిన్న చిన్న మొత్తాలు చాలాసార్లు వచ్చి ఉంటే ఆ ఫీజు ఇంకా పెరుగుతుంది. చాలామంది ఇక్కడే ఇంపోర్ట్ వైపు మొగ్గుతారు.

నన్నడిగితే ముందు చూడాల్సింది ఫీజు కాదు, ఆ కీ ఇంతకాలం ఎక్కడెక్కడ తిరిగిందన్నది. ఏ ప్రింటర్‌లో తీశారు? ఫొటో తీస్తే అది క్లౌడ్‌లోకి ఎక్కిందా? వాట్సాప్‌లో ఎవరికైనా పంపారా? పాస్‌వర్డ్ అయితే మార్చేసుకోవచ్చు, కీని మార్చలేం. ఒక్కసారి చూసినవాడు ఎన్నేళ్లకైనా ఖాళీ చేయగలడు. మీరెంత జాగ్రత్తపడినా తయారీలోనే లోపం ఉండొచ్చు. 2013 ఆగస్టులో, కీల తయారీకి వాడే ఆండ్రాయిడ్ ర్యాండమ్ నంబర్లలో లోపం బయటపడినప్పుడు, ఆ ఫోన్లలో వాలెట్ తయారుచేసుకున్నవాళ్లను కొత్త అడ్రస్‌లకు మారమని చెప్పాల్సి వచ్చింది. ఇంపోర్ట్ చేస్తే ఈ రిస్కంతా కీతోపాటు మీ వాలెట్‌లోకి వస్తుంది.

బ్యాకప్ ఇంకో తలనొప్పి. ఇంపోర్ట్ చేసిన కీ, వాలెట్‌ను తిరిగి తెచ్చే మీ 12 పదాల సీడ్‌లోకి రాదు. ఫోన్ పోయి, ఈథీరియం (మరో క్రిప్టో నెట్‌వర్క్) వాలెట్ యాప్ మెటామాస్క్‌ను ఆ పదాలతో తిరిగి తెచ్చుకుంటే, ఇంపోర్ట్ చేసిన అకౌంట్ అందులో కనిపించదు. బిట్‌కాయిన్ వాలెట్ యాప్ ఎలక్ట్రమ్ అయితే సీడ్ ఉన్న వాలెట్‌లోకి విడి కీని రానివ్వదు, వేరే వాలెట్ తెరవమంటుంది. స్వీప్ మాత్రం మెనూలోనే ఉంటుంది. లెడ్జర్, ట్రెజర్ లాంటి హార్డ్‌వేర్ వాలెట్లలో (కీలను దాచే చిన్న పరికరాల్లో) విడి కీ ఇంపోర్ట్ అసలు లేదు. కాబట్టి వాటిలోకి తేవాలంటే సొమ్మును పంపుకోవడమే. బ్యాలెన్స్ చూస్తే చాలనుకుంటే అడ్రస్ ఒక్కటి చాలు, కీ బయటికి తీయకండి.

ఎలక్ట్రమ్‌లో స్వీప్ చేసేటప్పుడు సొమ్మేమీ దొరకలేదని చూపిస్తే కంగారుపడొద్దు. అడ్రస్ బీసీ1క్యూతో మొదలైతే, కీ ముందు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో పీ2డబ్ల్యూపీకేహెచ్ అని, పక్కనే కోలన్ పెట్టాలి. లేదంటే అది 1తో మొదలయ్యే పాతరకం అడ్రస్‌ను వెతుకుతుంది. ఈ చిన్న విషయం తెలియక 'కీ కన్వర్టర్' సైట్లలో కీ పేస్ట్ చేస్తే సొమ్ము దొంగల చేతిలో పెట్టినట్టే. కీ 6పీతో మొదలైతే దానికి పాస్‌వర్డ్ ఉంది, అది లేకుండా ఏ పద్ధతీ పనిచేయదు.

ఈథీరియంలో ఇంపోర్ట్ చేయక తప్పని సందర్భాలున్నాయి. ఆ అడ్రస్‌కే ముడిపడిన స్టేకింగ్‌గానీ (రాబడి కోసం లాక్ చేసిన సొమ్ము) రావాల్సిన ఎయిర్‌డ్రాప్‌గానీ (ఉచితంగా పంచే టోకెన్లు) ఉంటే దాన్ని వదులుకోలేం. మిగతా సొమ్మునైనా వెంటనే సీడ్ ఉన్న అకౌంట్‌కు పంపేయండి. టోకెన్లు కదలాలంటే గ్యాస్ (లావాదేవీ ఫీజు) కోసం ఆ అడ్రస్‌లో కొంత ఈథర్ (ఈథీరియం నాణెం) ఉండాలి. కీ అప్పటికే లీకై ఉంటే, మీరు వేసిన ఈథర్‌ను దొంగల బాట్లు (వాటంతటవే పనిచేసే ప్రోగ్రామ్‌లు) క్షణాల్లో లాగేస్తాయి.

2017 ఆగస్టు 1కి ముందునుంచీ కదలని బిట్‌కాయిన్ ఉంటే, ఆ రోజు బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ కూడా అదే కీ మీద ఉంటుంది. ముందు బిట్‌కాయిన్‌ను స్వీప్ చేసి, లావాదేవీ కన్ఫర్మ్ అయ్యాకే ఆ కీని బిట్‌కాయిన్ క్యాష్ వాలెట్‌లో పెట్టండి.