ఇద్దరిదీ ఒకే ఎత్తు: ఎంటీబీ ఫ్రేము మీడియమా, లార్జా?

నేనూ మా బావా పక్కపక్కన నిలబడితే ఇద్దరి తలల మీద స్కేలు పెట్టినా వాలదు. చెరో 173 సెంటీమీటర్లు. కిందటేడాది ఇద్దరం ఒకేసారి ఎంటీబీ (కొండదారుల్లో తొక్కే మౌంటెన్ బైక్) కట్టుకోవాలనుకున్నాం. షాపులో తయారుగా ఉన్నది కాదు, వట్టి ఫ్రేము కొని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు, చక్రాలు, గేర్లు ఒక్కొక్కటే ఏరి తెచ్చి బిగించుకునేది. సైజు చార్టులో మా ఎత్తు దగ్గర వేలు పెడితే మీడియం అయిపోయి లార్జ్ మొదలయ్యే గీత మీద పడింది.

"లార్జే తీసుకుందాం బావా, కాస్త వదులుగా ఉంటే నష్టమేముంది?" అన్నాను.

"స్కూలు యూనిఫాం కుట్టిస్తున్నావా? ఈ వయసులో ఇంకేం పెరుగుతావురా!" అన్నాడు.

మేం చూసిన ఫ్రేము లెక్కలివి. మీడియంకి రీచ్ 450 మిల్లీమీటర్లు, స్టాక్ 620, సీట్ ట్యూబ్ (సీటు కింద ఉండే ఫ్రేము గొట్టం) 420. లార్జ్‌కి రీచ్ 475, స్టాక్ 629, సీట్ ట్యూబ్ 460. రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం లార్జ్‌లో మూడు సెంటీమీటర్లు ఎక్కువ. పెడళ్ళు తిరిగే ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ఫ్రేము ముందు గొట్టం) పైఅంచు దాకా అడ్డంగా కొలిస్తే రీచ్, నిలువుగా కొలిస్తే స్టాక్. దిగుడులో సీటు వదిలేసి పెడళ్ళ మీద నిలబడతాం కదా, అప్పుడు సైకిల్ మనకి పొడుగో పొట్టో చెప్పేది రీచే.

నేను తప్పులో కాలేసింది ఇక్కడే. నా పాత సైకిల్‌కి సీటు నుంచి హెడ్ ట్యూబ్ దాకా నేలకి సమాంతరంగా లెక్కగట్టే టాప్ ట్యూబ్ కొలత 615. కొత్త మీడియంలో అది 605 మాత్రమే. పాతదానికంటే చిన్నది ఎందుకు కొనాలి అనుకుని లార్జ్ వైపు మొగ్గాను. కానీ పాతదాని సీట్ ట్యూబ్ 73 డిగ్రీలకి వాలి ఉంటుంది, కొత్తది 76 డిగ్రీలతో బాగా నిటారు. నిటారైన కొద్దీ సీటు ముందుకి జరుగుతుంది, కూర్చున్నప్పుడు దూరం తగ్గుతుంది. రీచ్ తీసి చూస్తే పాతదానిది 432. అంటే కొత్త మీడియం కూర్చుంటే ఒక సెంటీమీటరు పొట్టి, నిలబడితే దాదాపు రెండు సెంటీమీటర్లు పొడుగు! పాత సైకిల్ టాప్ ట్యూబ్‌తో కొత్త ఫ్రేముని పోల్చి సైజు పెంచుకునేవాళ్ళు నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది.

తర్వాత గోడకి ఆనుకుని, కాళ్ళ మధ్య లావుపాటి పుస్తకం పైకి నొక్కిపెట్టి, దాని పైఅంచు నుంచి నేల దాకా టేపుతో కొలుచుకున్నాం. నాకు 82 సెంటీమీటర్లు వచ్చింది, బావకి 77. ఎత్తు ఒకటే అయినా నావి కాళ్ళు పొడుగు, ఆయనది నడుం పైభాగం పొడుగు. చార్టు అడిగింది ఎత్తొక్కటే, ఈ అయిదు సెంటీమీటర్ల సంగతి దానికేం తెలుసు?

తెలిసినవాళ్ళ దగ్గర ఇదే ఫ్రేముతో మీడియమొకటి, లార్జొకటి ఉంటే అరువు తెచ్చి అనంతగిరి కొండల్లో ఒక పూటంతా మార్చి మార్చి తొక్కాం. కాగితం మీద చూసిన 25 మిల్లీమీటర్లు అక్కడ ఒంటికి తెలిశాయి. తిన్నగా దిగే రాళ్ళ తోవలో లార్జ్ నాక్కూడా హాయిగానే ఉంది. ముందు చక్రం దూరంగా ఉండటంతో రాయికి తగిలినా మనిషి ముందుకి తూలడు. మలుపులు వచ్చేసరికే ఇబ్బంది. ఎర్రమట్టి మీద పరుచుకున్న మొరంలో ముందు చక్రం మీద బరువు వేస్తేనే అది పట్టుకుంటుంది. నా మొండేనికి లార్జ్ హ్యాండిల్ అందేసరికే చేతులు తిన్నగా చాచుకుపోయి, ఇక బరువు వేయడానికి ఏమీ మిగల్లేదు. రెండుసార్లు చక్రం పక్కకి జారింది. మీడియం ఎక్కితే అదే మలుపులో సైకిల్ చెప్పినమాట విన్నది. బావ సంగతి నాకు సరిగ్గా వ్యతిరేకం. మీడియం మీద నిలబడితే హ్యాండిల్ ఆయన పొట్ట కింద ఉన్నట్టుండేది. నిటారు దిగుడులో భయపడి వెనక్కి వాలడం, వాలగానే ముందు చక్రం తేలిపోవడం. లార్జ్ ఎక్కాక మొహంలో ఆ టెన్షన్ పోయింది.

"సైజు ఏదైతేనేం, స్టెమ్ మార్చి సర్దేసుకోవచ్చు" అనేవాళ్ళు ప్రతి చోటా ఉంటారు (స్టెమ్ అంటే హ్యాండిల్‌ని ఫోర్కుకి బిగించే పొట్టి ముక్క). కొంతవరకే నిజం. మీడియంకి 50 మిల్లీమీటర్ల స్టెమ్, లార్జ్‌కి 35ది వేస్తే చేతులకి అందే దూరంలో తేడా ఒక సెంటీమీటరుకి దిగుతుంది. కానీ చక్రాల మధ్య ఆ మూడు సెంటీమీటర్లు ఎక్కడికీ పోవు. చిన్న ఫ్రేముకి 80, 90 స్టెమ్ తగిలించి పెద్దది చేసుకుంటే చేతులు ముందుకెళ్తాయి గానీ చక్రం ముందుకెళ్ళదు. బరువంతా ముందు ఇరుసు మీదకి వచ్చేసి, దిగుడులో బొక్కబోర్లా పడే అవకాశం పెరుగుతుంది. నా మటుకు కొండబాటల్లో ఎక్కడానికీ దిగడానికీ వాడే ట్రెయిల్ ఫ్రేముకి 35 నుంచి 50 మధ్య స్టెమ్‌తో కుదరకపోతే ఆ సైజు మనది కాదనే అనుకుంటాను.

ఇక సీట్ ట్యూబ్. వట్టి ఫ్రేము కొనేవాళ్ళు అందరికంటే తక్కువ చూసేది, చివర్లో అందరికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. కాళ్ళ లోపలి కొలతని 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఎంత ఉండాలో ఉజ్జాయింపుగా తేలుతుంది. నాకు 724 మిల్లీమీటర్లు, బావకి 680. అందులోంచి సీట్ ట్యూబ్ పొడుగు తీసేస్తే మిగిలిందే డ్రాపర్ పోస్ట్‌కి (తొక్కుతూనే సీటుని కిందికి దించుకునే కడ్డీ) చోటు. మీట నొక్కితే దిగే భాగం కాక, పోస్ట్ మెడ, తల, సీటు మందం కలిపి సుమారు 95 మిల్లీమీటర్లు తింటాయి. లార్జ్‌లో బావకి మిగిలేది 220. అంటే 125 మిల్లీమీటర్లు దిగే డ్రాపర్ గీసినట్టు సరిపోతుంది, 150ది పట్టదు. కాళ్ళు పొట్టివాడికి దిగుడులో సీటు బాగా కిందికి పోవడం నాకంటే ఎక్కువ అవసరం. నడుము లార్జ్ కావాలంటుంది, కాళ్ళు వద్దంటాయి. నాకేమో లార్జ్‌లో 264 మిగులుతుంది, కాళ్ళకి అడ్డేమీ లేదు, వద్దనేది నడుమే. పొడుగు కాళ్ళకి మీడియంలో వచ్చే చిక్కు వేరు. సీటు పైకి వెళ్ళి హ్యాండిల్ కిందికి అయిపోతుంది. రైజ్ (మధ్య కంటే కొసలు పైకి లేచే ఎత్తు) ఎక్కువున్న హ్యాండిల్ బార్ వేస్తే అది తీరిపోతుంది. స్టెమ్ కింద స్పేసర్లు అనే ఉంగరాలు పేర్చినా ఎత్తు వస్తుంది, కాకపోతే హెడ్ ట్యూబ్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి 20 మిల్లీమీటర్ల స్పేసర్లకి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా రీచ్ పోతుంది.

ఫోర్కు కూడా సైజుని మారుస్తుంది. 140 మిల్లీమీటర్లు కుంగే ఫోర్కుకి చేసిన ఫ్రేములో 160ది పెడితే ముందుభాగం లేచి, రీచ్ దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, హెడ్ ట్యూబ్ మరో డిగ్రీ దగ్గర వాలుతుంది. ఫ్రేము కంపెనీ అంత పెద్ద ఫోర్కుకి ఒప్పుకుంటుందో లేదో ముందు చూడాలి. పాత ఫ్రేము కొనేవాళ్ళకి 17, 19 అని అంగుళాల్లో చెబుతారు, అది వట్టి సీట్ ట్యూబ్ పొడుగు. కొందరు దాన్ని ఇరుసు మధ్య నుంచి ట్యూబు చివరి దాకా కొలుస్తారు, కొందరు టాప్ ట్యూబ్ కలిసేచోటి దాకా. రీచ్ గురించి ఆ అంకె ఒక్క ముక్కా చెప్పదు.

చివరికి నేను మీడియమే తీసుకున్నాను. 50 స్టెమ్, 35 రైజ్ బార్. లెక్క ప్రకారం 200 డ్రాపర్ పట్టాలి గానీ, లోపల సీట్ ట్యూబ్ వంపు తగిలి పూర్తిగా దిగలేదు, 180తో సరిపెట్టుకున్నాను. ఫ్రేము కొనేముందు ట్యూబులోకి పోస్ట్ ఎంత లోతు దిగుతుందో అడగాల్సింది, అడగలేదు.

బావ ఆ ఫ్రేమే వదిలేశాడు. ఈమధ్య సీట్ ట్యూబులు పొట్టిగా పెట్టి, రీచ్ చూసి సైజు ఎంచుకోమనే కంపెనీలు పెరిగాయి. స్పెషలైజ్డ్ వాళ్ళయితే తమ ఎంటీబీల్లో చాలావాటికి మీడియం, లార్జ్ పేర్లు తీసేసి ఎస్1 నుంచి ఎస్6 దాకా నంబర్లే వేశారు. ఆ ధోరణిలోదే ఇంకో ఫ్రేము దొరికింది ఆయనకి. రీచ్ 470, సీట్ ట్యూబ్ 425, 150 డ్రాపర్ సుబ్బరంగా పట్టింది. దాని మీద కంపెనీ అంటించిన స్టిక్కరు మాత్రం మీడియం అనే ఉంది.