రెండో రన్నింగ్ బ్యాక్ కోసం 40 డాలర్లు: ఒక ఫాంటసీ ఫుట్‌బాల్ యాప్ రివ్యూ

యాప్ పేరు రాయను. ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి, మొహాలు కూడా దాదాపు ఒకటే. వాడేవాళ్లు రెండు పేరాలు చదివితే పోల్చుకుంటారు, వాడనివాళ్లకి పేరుతో పని లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్, దాని మీద ఫాంటసీ లీగ్ ఆడేవాళ్లకి సలహాలమ్మే యాప్ ఇది. సీజన్‌కి 40 డాలర్లు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ల గురించి అందరూ చెప్తారు, మేం బ్యాకప్ రన్నింగ్ బ్యాక్‌ల సంగతి చూస్తాం అన్నది వీళ్ల ప్రచారం. ఆ ఒక్క మాటకి పడిపోయి 2024లో కట్టాను, 2025లోనూ కట్టాను.

మన ఊళ్లలో ఫాంటసీ అంటే డ్రీమ్ 11 గుర్తొస్తుంది కాబట్టి ఒక తేడా చెప్పాలి. ఇక్కడ మ్యాచ్ మ్యాచ్‌కీ కొత్త టీమ్ కట్టుకోవడం ఉండదు. ఆగస్టు చివర డ్రాఫ్ట్ పెట్టుకుంటారు, ఒక ఆటగాడు లీగ్ మొత్తంలో ఒక్కరి దగ్గరే ఉంటాడు, డిసెంబరు దాకా ఆ టీమ్‌తోనే కాపురం. మధ్యలో ఎవరైనా గాయపడితే, ఎవరూ తీసుకోకుండా మిగిలినవాళ్లలోంచి ఏరుకోవాలి. రన్నింగ్ బ్యాక్ పని బంతి చంకలో పెట్టుకుని వంద కిలోలు దాటిన మనుషుల గుంపులోకి దూరడం. పాతిక సార్లు దూరిన వారం తర్వాత చీలమండో, పిక్కో, మోకాలో ఏదో ఒకటి మొరాయిస్తుంది. అందుకే బ్యాకప్ అనేవాడు వంటింట్లో రెండో సిలిండర్. మొదటిది అయిపోయిన రోజు దాకా ఎవరికీ గుర్తుండడు.

మాది బంధువుల లీగ్. ఫ్రిస్కోలో మేమిద్దరం, వేర్వేరు టీములతో. షార్లెట్‌లో మా మరిది, న్యూజెర్సీలో మా ఆడపడుచు, అన్నయ్యగారు, ఇంకా వాళ్ల స్నేహితులు. మాది డాలస్ టీమ్ కౌబాయ్స్ ఇల్లు, మరిదిది షార్లెట్ టీమ్ పాంథర్స్ ఇల్లు. ఈ వివరం కాసేపట్లో పనికొస్తుంది.

ముందు మంచి చెప్తాను. అలర్టుల్లో ఈ యాప్‌కి వంక పెట్టలేం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మ్యాచ్‌కి గంటన్నర ముందు ప్రతి టీమూ ఆ రోజు ఆడనివాళ్ల జాబితా ఇవ్వాలి. ఆ గంటన్నరే ఫాంటసీ వాళ్ల ప్రాణాలు తోడేస్తుంది. 2024 సెప్టెంబరు 9, సోమవారం రాత్రి మ్యాచ్, ఫార్టీనైనర్స్ మీద జెట్స్. సాయంత్రం మా అమ్మాయి కూచిపూడి క్లాసు బయట కారులో కూర్చుని ఉన్నాను. ఫార్టీనైనర్స్ మొదటి రన్నింగ్ బ్యాక్ మెకాఫ్రీ ఆడతాడా లేదా అని రెండు రోజులుగా నలుగుతోంది. ఫోను మోగింది. మొదటి లైను, మెకాఫ్రీ ఔట్. రెండో లైను, జోర్డన్ మేసన్‌ని ఇప్పుడే తీసుకోండి, బంతి ఇంకెవరితోనూ పంచుకోడు. మేసన్ 2022లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీములు కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే అసలు డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని కుర్రాడు. మా లీగ్‌లో ఖాళీగా పడి ఉన్నాడు. పిల్ల గజ్జెలు విప్పుకుని బయటికొచ్చేలోపు నా టీమ్‌లో ఉన్నాడు. ఆ రాత్రి 28 సార్లు బంతి పట్టుకుని 147 గజాలు పరుగెత్తి ఒక టచ్‌డౌన్ కొట్టాడు, అంటే బంతిని అవతలి గీత దాటించాడు. 40 డాలర్లు ఆ ఒక్క రాత్రే వసూలైపోయాయని మా ఆయనే ఒప్పుకున్నాడు. ఆయన దగ్గర మెకాఫ్రీ ఉన్నాడు మరి.

ఇక ర్యాంకింగుల దగ్గరికొద్దాం. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

ప్రతి వారం వీళ్లు "హ్యాండ్‌కఫ్" పట్టిక ఇస్తారు. అంటే మొదటివాడు పడిపోతే ఆ స్థానం దక్కే రెండోవాళ్ల వరస. చూడటానికి గొప్పగా ఉంటుంది, రంగులు, బాణాలు, శాతాలు. నాలుగు వారాలు పక్కపక్కన పెట్టి చూస్తే గుట్టు బయటపడింది. ఎవడి కాంట్రాక్టు పెద్దదో వాడు పైన, చిన్నదైతే కింద. పైగా ఎవడి తర్వాత ఎవడో చెప్తూ టీములు విడుదల చేసే డెప్త్ చార్టుని వేదంలా పట్టుకుంటారు. ఆ చార్టు టీము పీఆర్ వాళ్లు పత్రికల కోసం ఇచ్చే కాగితం. దాన్ని చూసి కోచ్ ఎవరినీ ఆడించడు.

రికో డౌడిల్ సంగతి చూడండి. ఇతన్నీ ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, 2020లో డాలస్ చేరదీసింది. ఏళ్ల తరబడి బెంచీ మీదే, ఒక సీజన్ మొత్తం గాయంతో పోయింది. టోనీ పోలార్డ్ టెనెసీ వెళ్లాక, 2024లో చివరికి అవకాశమొస్తే 1,079 గజాలు పరుగెత్తాడు. కౌబాయ్స్ వదిలేశారు. 2025లో కరోలైనా పాంథర్స్ ఒక్క ఏడాదికి 2.75 మిలియన్ డాలర్లిచ్చి తీసుకున్నారు. అక్కడ అప్పటికే చూబా హబ్బార్డ్ ఉన్నాడు. 2024లో 1,195 గజాలు, నాలుగేళ్లకి 33.2 మిలియన్ల కొత్త కాంట్రాక్టు. మా యాప్ లెక్క ప్రకారం కథ అక్కడితో కంచికి. డౌడిల్‌ని పట్టిక అడుగున, ఎవరూ స్క్రోల్ చేయని చోట పెట్టారు.

మా మరిది ఏ యాపూ కొనలేదు. ఆగస్టులో డ్రాఫ్ట్ ఆఖరి రౌండులో డౌడిల్‌ని తీసుకున్నాడు. ఎందుకురా అంటే, "వదినా, నేను ప్రీసీజన్ సన్నాహక మ్యాచ్‌లు చూశాను. బ్లిట్జ్ వచ్చినప్పుడు, అంటే అవతలివాళ్లు క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎగబడినప్పుడు, అడ్డం నిలబడుతున్నాడు. అది చేసేవాణ్ని కోచ్ బయట కూర్చోబెట్టడు" అన్నాడు.

అయిదో వారం పిక్క గాయంతో హబ్బార్డ్ ఆడలేదు. డౌడిల్ మయామీ మీద 206 గజాలు. మ్యాచ్ అయ్యాక, వచ్చే వారం కౌబాయ్స్ సీటు బెల్టులు బిగించుకోవాలని ఒక మాట వదిలాడు. మా యాప్ ఏమంది? ఒక్క మ్యాచ్ ముచ్చట, హబ్బార్డ్ రాగానే పాత కథే, మీ దగ్గరుంటే ఇప్పుడే మంచి ధరకి అమ్మేయండి అంది. ఆరో వారం కౌబాయ్స్ షార్లెట్ వెళ్లారు. డౌడిల్ 183 గజాలు పరుగెత్తాడు, పాసులు పట్టినవి కలిపితే మొత్తం 239. పాంథర్స్ 30, మేము 27. ఆ ఆదివారం మధ్యాహ్నం మా మరిది ఫోన్ చేయలేదు. ఫ్యామిలీ గ్రూపులో సీటు బెల్టు ఫొటో ఒకటి పెట్టి ఊరుకున్నాడు. ఫోన్ చేసి తిట్టినా బాగుండేది.

హబ్బార్డ్ తిరిగొచ్చాక అసలు వాదన మొదలైంది. 33 మిలియన్ల మనిషిని బయట కూర్చోబెట్టి 2.75 మిలియన్ల మనిషికి బంతిస్తారా? యాప్‌లో నిపుణులు ఇవ్వరన్నారు. అన్నయ్యగారూ ఇవ్వరన్నారు, ఆయన ఆడిటర్ కదా, డబ్బు లెక్కే చూస్తారు. రెండు వారాలు ఇద్దరికీ పంచారు, వాళ్ల మాట నెగ్గినట్టే కనిపించింది. తొమ్మిదో వారం గ్రీన్‌బే వెళ్లి డౌడిల్ 130 గజాలు, రెండు టచ్‌డౌన్లు. గెలిచింది 16-13తో పాంథర్సే. ఆ తర్వాత గానీ యాప్ పట్టికలో అతని పేరు పైకి రాలేదు. మ్యాచ్ చూసిన ఎవరైనా చెప్పగలిగిన సంగతి చెప్పడానికి వీళ్లకి నెల పట్టింది.

డబ్బుని బట్టి అంచనా వేయడం మొత్తం తప్పని అనను. ఆగస్టులో అది నిజంగానే పనిచేస్తుంది. టీములు తమ 90 మంది ఆటగాళ్లని 53కి కుదించే రోజున ఎవరికి గ్యారంటీ సొమ్ము ఉందో వాళ్లు మిగులుతారు. సీజన్ మొదలయ్యాక మాత్రం కోచ్ ఉద్యోగం గెలుపు మీద ఉంటుంది, ఖజానా మీద కాదు. పట్టిక తయారుచేసేవాళ్లు అక్టోబరులో కూడా ఆగస్టు కళ్లజోడే పెట్టుకుని కూర్చుంటారు.

నాకు కావలసింది, ఈ యాప్‌లో లేనిది ఇంకొకటుంది. 53 మంది రోస్టర్‌లో, అంటే టీము జాబితాలో, మ్యాచ్ రోజున ఆడగలిగేది 48 మందే. వీళ్లు కాక ప్రాక్టీస్ స్క్వాడ్‌లో, అంటే సాధన మాత్రమే చేసే గుంపులో, 16 మంది ఉంటారు. వాళ్లలోంచి మ్యాచ్‌కి ఇద్దర్ని పైకి తెచ్చుకోవచ్చు. ఒకే మనిషిని సీజన్‌లో మూడు సార్లకి మించి అలా తేకూడదు, ఆ తర్వాత కావాలంటే 53లో చోటివ్వాల్సిందే. ఆదివారం మ్యాచ్ అయితే ఈ పని శనివారం మధ్యాహ్నం, మా టైము మూడింటిలోపు తేలిపోవాలి. అంటే శనివారం మూడింటికి ఒక టీమ్ ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి రన్నింగ్ బ్యాక్‌ని పైకి తెచ్చిందంటే, వాళ్ల మొదటివాడి కాలు మనకి చెప్పినంత బాగా లేదన్నమాట. శుక్రవారం రిపోర్టులో "క్వశ్చనబుల్", అంటే ఆడొచ్చు ఆడకపోవచ్చు, అని ఎంత తియ్యగా రాసినా సరే. ఇంత పనికొచ్చే కబురు యాప్‌లో ఎక్కడుంది? "లావాదేవీలు" అనే ట్యాబులో, పంటర్‌కి జ్వరం, గార్డుకి వేలు నొప్పి మధ్యలో. అలర్టు రాదు. నేనిప్పుడు శనివారం మధ్యాహ్నం నా అంతట నేనే టీముల సైట్లు తిరగేస్తున్నాను. డబ్బు కట్టి ఆ పనీ నేనే చేసుకోవాలా?

ఇంకొక సంగతి కూడా వీళ్ల పట్టికకి ఎక్కదు. మూడో రన్నింగ్ బ్యాక్ ఆ 48లో ఉండాలంటే కిక్‌ఆఫ్‌లలో, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు, పనికిరావాలి. 2024లో కిక్‌ఆఫ్ రూలు మారి బంతిని వెనక్కి పరుగెత్తించడం మళ్లీ పెరిగాక ఇది ఇంకా ముఖ్యమైంది. అందుకే పేరున్న మూడోవాడు సివిల్ డ్రెస్సులో పక్కన నిలబడితే, పేరులేని నాలుగోవాడు హెల్మెట్ పెట్టుకుంటాడు. మీ బెంచీలో ఉన్నవాడు మొదటి రకమైతే, స్టార్టర్ రెండో క్వార్టర్‌లో పడిపోయినా మీకు ఒరిగేదేమీ ఉండదు.

వ్యాసాలు మాత్రం బాగుంటాయి, నిజం చెప్పాలి. రోస్టర్ కోతల మీద రాసేదెవరో తెలియదు గానీ ఆ మనిషికి విషయం తెలుసు. నాలుగు సీజన్లు నిండనివాణ్ని తీసేస్తే వెయివర్స్‌కి వెళ్తాడు, మిగతా టీములు వరస ప్రకారం ఎత్తుకోవచ్చు. నాలుగు నిండినవాడైతే ట్రేడ్ గడువు, అంటే టీములు ఆటగాళ్లని మార్చుకునే గడువు, దాకా నేరుగా స్వేచ్ఛాజీవి. అలాంటి సీనియర్ మొదటి వారం రోస్టర్‌లో ఉంటే ఆ ఏడాది జీతం మొత్తానికి టీమ్ బాధ్యత పడొచ్చు. అందుకని ఆగస్టులో పంపించేసి, మొదటి మ్యాచ్ అయ్యాక మళ్లీ పిలుస్తారు. ఇదంతా ఉదాహరణలతో విడమరిచి చెప్పారు. ఇది చదివాక, ఆగస్టులో "ఫలానావాణ్ని తీసేశారట" అని మా ఆడపడుచు గాబరాగా మెసేజ్ పెడితే, రెండు వారాలు ఆగమని చెప్పగలుగుతున్నాను.

అదే మనిషి రన్నింగ్ బ్యాక్ రహీమ్ మోస్టర్ట్ గురించి కూడా రాశాడు. ఆరు టీములు వద్దన్నాయి, తీసేసిన తేదీలన్నీ దాచుకుని మ్యాచ్‌కి ముందు చూసుకునేవాడట. 2020 జనవరిలో ఎన్‌ఎఫ్‌సీ (ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సగం టీములుండే విభాగం) ఫైనల్లో గ్రీన్‌బే మీద 220 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు. ఇంకొకటి సీజే ఆండర్సన్ మీద. అది నేను సగంలో మూసేశాను. 2018లో మూడు టీములు పంపించేసినవాణ్ని, టాడ్ గర్లీ మోకాలి నొప్పితో ఉంటే డిసెంబరులో ర్యామ్స్ తెచ్చుకున్నారు. జనవరిలో ప్లేఆఫ్స్‌లో కౌబాయ్స్ మీద 123 గజాలు, పక్కనే గర్లీ 115. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు.

నిపుణులతో చాట్ దండగ. ఎవరిని ఆడించాలి అని అడిగితే "మీ రిస్క్ స్వభావాన్ని బట్టి" అంటారు. రిస్క్ తీసుకోలేకే కదా డబ్బు కట్టింది. ట్రేడ్ క్యాలిక్యులేటర్ అన్నయ్యగారికి నచ్చింది, నాకు ఎప్పుడూ ఉపయోగపడలేదు. బుధవారం పొద్దున ఖాళీగా ఉన్న ఆటగాళ్ల కోసం జరిగే వెయివర్ వేలానికి ఎంత పాడాలో చెప్పే పేజీ ఫరవాలేదు. వంద డాలర్ల ఉత్తుత్తి బడ్జెట్‌లో వాళ్లు చెప్పినదానికి రెండు మూడు కలిపి పాడితే సరిపోతోంది, మా లీగ్‌లో ఇంకో ఇద్దరి దగ్గర ఇదే యాప్ ఉంది కాబట్టి.

అలర్టులకి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. వ్యాసాలకి నాలుగు. హ్యాండ్‌కఫ్ పట్టికకి ఒకటి, అది కూడా రంగులకి. మీ లీగ్‌లో ఆఖరి నిమిషంలో మార్పులు చేసుకునే వీలుంటే, ఆదివారాలు పిల్లల క్లాసుల చుట్టూ తిరిగే బతుకైతే కొనండి. తీరిగ్గా సోఫాలో కూర్చుని మ్యాచ్‌లు చూడగలిగేవాళ్లకి ఇది అక్కర్లేదు. మా మరిదిలాంటి వాళ్లకి అస్సలు అక్కర్లేదు. 2025లో మా లీగ్ కప్పు అతనిదే.

కొనేవాళ్లు ఒకటి చూసుకోండి. ఆటో రెన్యువల్ ఆన్‌లోనే వస్తుంది, జులైలో చడీచప్పుడు లేకుండా డబ్బు లాగేస్తుంది. ఆపాలంటే ఫోన్ యాప్‌లో కుదరదు, వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, "ఖాతా" కింద "బిల్లింగ్" లోకి వెళ్లాలి. అక్కడ సగం ధరకి ఉండిపొమ్మని ఒక పేజీ వస్తుంది. నేను ఆ సగం ధరకే ఉండిపోయాను.