ఖాట్మండు నుంచి డార్విన్ దాకా ట్రక్కులో: ఏ ముక్క కొనాలి, ఏది వదిలెయ్యాలి

లండన్‌లో ఎక్కించుకుని ఆసియా మొత్తం దాటించి ఆస్ట్రేలియాలో దించుతామనే గుంపు ప్రయాణాలను ఓవర్‌ల్యాండ్ ట్రక్కు పేరుతో అమ్ముతున్నారు. లారీ ఛాసిస్ మీద ఇరవై మంది దాకా కూర్చునే బాడీ, కింద సామాన్ల అరలు, నీళ్ల ట్యాంకు, గ్యాసు పొయ్యిలు, గుడారాలు. నెలల తరబడి అదే ఇల్లు. సూర్యాపేట, నార్కట్‌పల్లి, జడ్చర్ల హైవేల పక్కన పెరిగినవాళ్లకు లారీ ప్రయాణం అంటే ఏంటో ఒకరు చెప్పక్కర్లేదు, అందుకే ఈ ప్రకటన చూడగానే మనసు లాగుతుంది. లాగడంలో తప్పేమీ లేదు, ప్రయాణం అంత గొప్పదే. కాకపోతే ఆ ప్రకటన రాసింది యూరప్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కోసం. మన పాస్‌పోర్టు పెట్టుకుని చూస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఈ రివ్యూ ఏ ఒక్క కంపెనీ మీదా కాదు, ఈ తరహా సర్వీసు మీద.

ఈ దారి కొత్తది కాదు. 1957లోనే లండన్ నుంచి కలకత్తాకు 'ఇండియామ్యాన్' అనే బస్సు నడిచింది. 1979లో ఇరాన్ విప్లవం, ఆ ఏడాది చివర అఫ్గానిస్తాన్‌లోకి సోవియట్ సైన్యం రావడంతో పాత దారి తెగింది. 2007లో 'ఓజ్‌బస్' మళ్లీ లండన్ నుంచి సిడ్నీకి బయల్దేరింది. అప్పుడైనా ఇప్పుడైనా ఈ ప్రయాణం సాగాలా ఆగాలా అనేది సరిహద్దు గేటే తేలుస్తుంది.

మొదటి మాట: లండన్ నుంచి ఖాట్మండు దాకా ఉన్న ముక్క మనకు కాదు. ట్రక్కు ఇరాన్, పాకిస్తాన్ మీదుగా వస్తుంది. భారత పాస్‌పోర్టుతో పాకిస్తాన్‌లో అలా రోడ్డున పోవడం కుదరదు, అటారీ గేటు 2025 ఏప్రిల్ నుంచి మూతపడే ఉంది. ఆ ముక్కకు డబ్బు కడితే మధ్యలో విమానం ఎక్కాల్సిందే, ఆ టికెట్ మన జేబులోంచే. తూర్పున మణిపూర్‌లోని మోరే నుంచి మయన్మార్‌లోకి పోయే దారి కూడా నమ్ముకోదగ్గది కాదు. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైన్యం అధికారం లాక్కుంది, 2023 మే నుంచి మణిపూర్‌లోనే పరిస్థితి బాగాలేదు. ఇప్పటికీ "ఇండియా–మయన్మార్–థాయిలాండ్" అని మ్యాపు గీసి చూపించే కంపెనీ అయితే అడ్వాన్సు ఇవ్వకండి.

కాబట్టి ఎక్కాల్సింది ఖాట్మండులో. హైదరాబాద్ నుంచి రక్సౌల్‌కు రైలుంది, బీర్‌గంజ్ దాటితే ఖాట్మండుకు బస్సులు దొరుకుతాయి. నేపాల్‌కు ఓటరు కార్డు సరిపోతుంది కదా అని పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి పోవద్దు. నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోని పాస్‌పోర్టు కేంద్రాల్లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000. ఈ ప్రయాణానికి 60 పేజీలదే తీసుకోండి. లావోస్ లాంటి చోట్ల వీసా స్టిక్కరు ఒక్కటే పేజీ మొత్తం తినేస్తుంది.

ఖాట్మండు నుంచి లాసా, అక్కడి నుంచి చైనా మీదుగా లావోస్ దాకా ఉన్న ముక్కకు మా పూర్తి మార్కులు. ఇంత పెద్ద బండిలో, ఇంత మంది కలిసి, ఇంత ఎత్తు మీద పోవడం మరో రకంగా దొరకదు. కాగితాల కష్టం కూడా ఇక్కడే ఎక్కువ. నేపాల్–టిబెట్ సరిహద్దులోని కోదారి గేటు 2015 భూకంపంలో దెబ్బతిన్నాక రాకపోకలు రసువాగఢీ–కేరుంగ్ వైపు మళ్లాయి. 2025 జూలై వరదలో అక్కడి మైత్రీ వంతెన కూడా కొట్టుకుపోయింది. బుక్ చేసే ముందు ఆ నెలలో ఏ గేటు నుంచి బండిని దాటిస్తున్నారో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. టిబెట్‌లోకి విదేశీయులను సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో రానివ్వరు, ఏప్రిల్‌లో తెరుస్తారు.

నేపాల్ వైపు నుంచి టిబెట్‌లోకి పోవాలంటే చైనా గ్రూపు వీసా కావాలి. అది ఖాట్మండులోనే ఇస్తారు, అందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. ముందే ఢిల్లీలో విడిగా చైనా వీసా కొట్టించుకుంటే ఇక్కడ దాన్ని రద్దు చేయొచ్చు, కాబట్టి కంపెనీని అడక్కుండా ఆ ఫీజు కట్టకండి. గ్రూపు వీసా మీద లోపలికి పోయినవాళ్లు గ్రూపుతోనే బయటికి రావాలి. మధ్యలో ఒంట్లో బాగాలేక ఒక్కరు వెనక్కి రావాలన్నా ఆ కాగితాన్ని విడగొట్టించాలి, దానికి రోజులు పడుతుంది. అలాంటప్పుడు ఖర్చెవరిది, వెంట ఎవరు ఉంటారు అన్నది ఒప్పందంలో ఉందేమో చూడండి. బండికి చైనా తాత్కాలిక నంబరు ప్లేటు, డ్రైవరుకు అక్కడి తాత్కాలిక లైసెన్సు, దేశం దాటేదాకా బండిలోనే కూర్చునే గైడు తప్పనిసరి. ఈ మూడింటి ఖర్చు టికెట్‌లో కలిసిందా లేదా అన్న దగ్గరే తక్కువ రేటు చెప్పే కంపెనీల గుట్టు బయటపడుతుంది.

ఎత్తు సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన పాలమూరు సముద్రమట్టానికి సుమారు 500 మీటర్లు. లాసా 3,650. లాసా నుంచి గోల్ముద్ పోయే రోడ్డులో తంగులా కనుమ 5,231 మీటర్లు. మూడు వేలు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి. ప్రయాణ పట్టికలో ప్రతి రాత్రి బస ఎదురుగా దాని ఎత్తు రాసి ఇమ్మనండి. ఇవ్వలేని కంపెనీకి ఈ రోడ్డు తెలియదని అర్థం. ఎత్తు జబ్బు రాకుండా వాడే ఎసిటజోలమైడ్ మాత్రలు డాక్టరును అడిగి తీసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. తలనొప్పితో మొదలై నడక తూలుతోందంటే, మాట తడబడుతోందంటే తెల్లారేదాకా ఆగకూడదు, అప్పటికప్పుడు కిందికి దించాలి.

అక్కడ వంట కూడా మారిపోతుంది. ఐదు వేల మీటర్ల మీద నీళ్లు దాదాపు 83 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉంటుంది. ట్రక్కులో పెద్ద ప్రెషర్ కుక్కర్ ఉందా అని అడగండి. గుంపును ముగ్గురు నలుగురి చొప్పున వంట జట్లుగా విడదీస్తారు, ఒక్కో రోజు ఒక్కో జట్టుది. శాకాహారులు ఒకే జట్టులో పడితే మిగతా రోజులు ఉప్మానో ఉడికిన బంగాళాదుంపో తిని గడపాలి, అందుకే జట్టుకు ఒకరు ఉండేలా చూసుకోండి. పాత్రలు కడిగే తీరు చూస్తే సిబ్బంది ఎలాంటివాళ్లో తెలిసిపోతుంది. మూడు బేసిన్లు వరసగా ఉండాలి: మొదటిది సబ్బు నీళ్లు, రెండోది మంచి నీళ్లు, మూడోది క్రిమిసంహారకం కలిపినవి. తర్వాత గుడ్డతో తుడవకూడదు, గాలికి ఆరబెట్టాలి. ఒకే తడిగుడ్డతో ఇరవై పళ్లాలు తుడిచే ట్రక్కులో ఒకరికి విరేచనాలైతే రెండు రోజుల్లో అందరికీ అంటుకుంటుంది.

ఫ్లోరైడ్‌తో బతుకుతున్న జిల్లా నుంచి పోయేవాళ్లకు నీళ్ల విలువ వేరే చెప్పాలా? పటిక, సున్నం, బ్లీచింగుతో నీళ్లు బాగుచేసే 'నల్గొండ టెక్నిక్' మన ఊరి పేరు మీదే ఉంది. ఫ్లోరైడ్ సంగతి పక్కనపెడితే అందులోని వరస ఇక్కడా పనికొస్తుంది. సుమత్రాలో వానల్లో దొరికే నీళ్లు బురదగా ఉంటాయి. బురద నీళ్లలో క్లోరిన్ చుక్కలు వేస్తే క్లోరిన్ బురదకే ఖర్చయిపోతుంది. ముందు పటికతో తేర్చి, పైనీళ్లు వంచుకుని, అప్పుడు ఐదారు శాతం ద్రావణమైతే లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగాలి. చివర్లో పలచగా క్లోరిన్ వాసన తగలాలి, తగలకపోతే మళ్లీ వేయాలి.

ఇక బండి. ఎంత పాతదన్నది ముఖ్యం కాదు, పొద్దున్నే దాని చుట్టూ తిరిగి చూసేవాడు ఉన్నాడా అన్నది ముఖ్యం. బ్రేకులకు గాలి అందించే ట్యాంకుల అడుగున చేరిన నీళ్లు రోజూ వదలాలి, టిబెట్ చలిలో ఆ నీళ్లు గడ్డకడితే బ్రేకులు పట్టేస్తాయి. వీల్ నట్ల మీద గీసిన గుర్తులు కదిలాయేమో చూడాలి. కమాన్ కట్టలో (ఇరుసు మీది స్ప్రింగు పట్టీల కట్టలో) పట్టీ విరిగి కొత్తది వేస్తే, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులను ఆ రోజు బిగించి వదిలెయ్యకుండా వంద కిలోమీటర్లు పోయాక మళ్లీ బిగించాలి. లేకపోతే సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకు జరుగుతుంది. మన లారీ డ్రైవర్లకు ఇది చెప్పక్కర్లేదు. కానీ కొన్ని ట్రక్కుల్లో డ్రైవరు, మెకానిక్కు, వంట చూసేవాడు, గ్రూపు లీడరు అన్నీ ఒక్కడే, అక్కడ ఈ పని వెనకబడుతుంది. సిబ్బంది ఇద్దరు లేని ట్రక్కు ఎక్కకండి.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. బ్రిటన్ బండికి స్టీరింగ్ కుడివైపు, జనం దిగే తలుపు ఎడమవైపు. నేపాల్‌లో అది సరిపోతుంది. చైనా, లావోస్‌లో బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి కాబట్టి అదే తలుపు నడిరోడ్డు మీదికి తెరుచుకుంటుంది. దిగేముందు ఒకరు ముందు నిలబడి వెనక బండ్లను చూసి చెప్పాలి. థాయిలాండ్‌లోకి వచ్చాక మళ్లీ ఎడమకు మారుతుంది.

థాయిలాండ్ నుంచి సింగపూర్ దాకా ట్రక్కుకు డబ్బు పెట్టడం దండగ. 2016 నుంచి థాయిలాండ్‌లో విదేశీ బండ్లకు ముందస్తు పర్మిట్ కావాలి, పెద్ద బండికి అది తేలిగ్గా రాదు. వచ్చినా, రోడ్లు, రైళ్లు అంత బాగున్న చోట ట్రక్కు చెక్క సీటులో కూర్చుని చూసేదేముంది? బ్యాంకాక్ నుంచి పడాంగ్ బెసార్ దాకా రైలు, అక్కడ మారి మలేషియా రైలు చాలు. ఈ ముక్క వదిలేసుకునే వీలుందేమో అడిగి, ఉంటే టికెట్‌లో తగ్గించమనండి. థాయిలాండ్, మలేషియా వీసా మినహాయింపులు తరచూ మారుతున్నాయి, బయల్దేరే వారంలోనే చూసుకోవాలి.

ఇండోనేషియా కష్టమైన ముక్క, అయినా కొనదగ్గది. మలేషియా నుంచి సుమత్రాకు బండి ఓడలో పోతుంది, మనుషులు విమానంలో. తర్వాత దీవి నుంచి దీవికి ఫెర్రీలే: సుమత్రా నుంచి జావాకు బకౌహెనీ–మెరాక్ రెండు గంటలు, జావా నుంచి బాలికి కెతపాంగ్–గిలిమనుక్ గంటలోపే, సుంబావా నుంచి ఫ్లోరెస్‌కు సపె–లబువాన్ బజో ఆరేడు గంటలు. ఫెర్రీ ఛార్జీ బండి పొడవును బట్టి. ఫ్లోరెస్ ఘాట్ రోడ్ల మీద పెద్ద బండి గంటకు 25, 30 కిలోమీటర్లు పోతే ఎక్కువ, పట్టికలో రోజుకు 300 అని రాస్తే నమ్మకండి. దిగాక తీసుకునే వీసా 30 రోజులకు 5 లక్షల రుపియా, ఇంకో 30 రోజులకు ఒక్కసారే పొడిగిస్తారు. ఈ దారికి ఒక నెల చాలదు, కాబట్టి పొడిగింపుకు ఎక్కడ ఆగుతారో ముందే తెలియాలి. బాలి, ఫ్లోరెస్‌లలో కుక్కలకు రేబిస్ ఉంది. టీకా ఇక్కడే వేయించుకుని పోండి, కరిస్తే సబ్బుతో పావుగంట కడిగి ఆస్పత్రికి పోవాలి.

ఆస్ట్రేలియాలో ఆ ట్రక్కే దిగుతుందా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. "లండన్–సిడ్నీ" అని బోర్డు పెట్టి, బండిని బాలిలోనో సింగపూర్‌లోనో ఆపేసి అవతల వేరే బస్సు మాట్లాడేవాళ్లున్నారు. తిమోర్‌లోని దిలీ నుంచి ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్‌కు మనుషులు విమానంలో, గంటన్నర లోపే. బండి ఓడలో. ఎత్తు మూడు మీటర్లు దాటిన బండి కంటైనరు తలుపులో పట్టదు కాబట్టి వేరే ఏర్పాటు కావాలి, దానికి రోజులూ డబ్బూ ఎక్కువ. డార్విన్ రేవులో కమాన్ పట్టీల సందులో, ఛాసిస్ లోపల, రేడియేటర్ రెక్కల్లో పిడికెడు మట్టో గడ్డిగింజో కనిపిస్తే బండిని వదలరు, మళ్లీ కడిగించి ఆ ఖర్చు కట్టించుకుంటారు. ఆస్బెస్టాస్ దిగుమతి అక్కడ 2003 చివరి నుంచి నిషేధం. పాత బండి బ్రేకు లైనింగులు, గాస్కెట్లు ముందే మార్చి కాగితం పెట్టుకోవాలి.

మన సంచులకూ అంతే కఠినం. నిల్వ గింజలను తినేసే ఖప్రా పురుగు భయంతో బియ్యం, కందులు, పెసలు, పల్లీలు, ధనియాలు, జీలకర్ర, ఎండు మిరపకాయలు ప్రయాణికుల సామాన్లలో తేకూడదు. వనపర్తి పల్లీలో, తాండూరు కందిపప్పో మిగిలితే తిమోర్‌లోనే వండుకుని తినేయండి. పచ్చళ్లు, పొడులు దాచకుండా దిగేటప్పుడు నింపే కార్డులో రాసి చూపిస్తే మహా అయితే తీసిపారేస్తారు. దాచి దొరికితే జరిమానా. ఆస్ట్రేలియా వీసా, సబ్‌క్లాస్ 600, ఇంట్లో ఉండగానే చేతికి రావాలి. దారిలో బ్యాంకు కాగితాలు పోగుచేయడం అయ్యే పని కాదు.

డబ్బు రెండు భాగాలు: టికెట్, కిట్టీ. కిట్టీ అంటే తిండి, క్యాంపు ఫీజులకు గుంపు ఉమ్మడి నిధి, చాలాచోట్ల డాలర్ల నోట్లే అడుగుతారు. మనం ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే నోట్లు తీసుకోవచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో. కిట్టీ మొత్తం నోట్లలోనే కావాలంటే, దాన్ని విడతలుగా కట్టనిస్తామని ముందే రాయించుకోండి. ఖర్చు పుస్తకం ట్రక్కులో అందరికీ కనబడేలా ఉండాలి. ప్యాకేజీకి ఇక్కడ టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు, రిటర్న్ వేస్తే అది మీ పన్ను లెక్కలోకే వస్తుంది. బీమాలో ఐదు వేల మీటర్ల ఎత్తు, హెలికాప్టర్‌లో తరలించడం ఉన్నాయేమో చూడండి.

ఖాట్మండులో ఏప్రిల్ చివర, మే మొదట్లో ఎక్కితే ఆగస్టు, సెప్టెంబరుకు డార్విన్ చేరొచ్చు. అప్పుడక్కడ పొడి కాలం, నవంబరులో వానలు మొదలవుతాయి. అక్కడి నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ సుమారు 1,500 కిలోమీటర్లు, రోడ్డు బాగుంటుంది. పొద్దుగుంకాక మాత్రం కంగారూలు అడ్డం వస్తాయి, రాత్రి నడపని డ్రైవరున్న బండినే ఎంచుకోండి.