తొరంగ్ లా దాటాలంటే: అన్నపూర్ణ దారిలో వాతావరణమూ బసలూ

దసరా, దీపావళి రోజుల్లో నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతాల చుట్టూ సాగే కాలిదారి, అన్నపూర్ణ సర్క్యూట్, నడవాలనుకునే తెలుగువారు బయలుదేరే ముందు బంగాళాఖాతం వైపు చూడాలి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను బలహీనపడుతూనే ఉత్తరానికి సాగి, అక్టోబరు 14న ఆ దారిలో 5,416 మీటర్ల ఎత్తులోని తొరంగ్ లా కనుమ మీదా, దాని చుట్టుపక్కలా పెనుమంచై కురిసింది. 40 మందికి పైగా మరణించారు. మన తీరానికి తుఫానులు వచ్చే కాలమూ, ఆ కొండల్లో ఆకాశం అత్యంత నిర్మలంగా ఉంటుందని పేరుపడిన కాలమూ ఒకటే కావడం వల్ల, ఉదయం కనిపించిన నీలాకాశాన్ని బట్టి మరునాటి నడకను నిర్ణయించుకోకూడదు.

కాబట్టి సామానుకంటే ముందు సమకూర్చుకోవలసినవి అదనపు రోజులు. కనీసం రెండు రోజులైనా చేతిలో లేనివారు తిరుగు ప్రయాణం టికెట్టు కోసం మంచులోకి నడుస్తారు. ఆ రోజులను గడపడానికి 3,540 మీటర్ల ఎత్తులోని మనాంగ్‌ను మించిన చోటు ఈ దారిలో లేదన్నది నా అభిప్రాయం. శరీరం పలచని గాలికి అలవాటు పడడానికి అక్కడ ఎలాగూ ఆగాలి. పైగా హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారు సీజనులో నడిపే వైద్యశిబిరంలో ఎత్తు వల్ల వచ్చే జబ్బు గురించి వైద్యులే వివరిస్తారు. మేము ఆ ప్రసంగం విన్న తరువాతే మా బృందంలో ఒకరి తలనొప్పిని తేలికగా తీసుకోకుండా మరొక రోజు ఆగాము. కనుమ అవతలి నుంచి వచ్చే గైడ్లనూ, పోర్టర్లనూ అడిగితే పైన మంచు ఎంత ఉందో, గాలి ఎప్పుడు లేస్తోందో ఫోనులోని సూచనకంటే స్పష్టంగా తెలుస్తుంది.

ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. గాలి తోడైతే చలి ఇంకా కొరుకుతుంది. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, ఎందుకంటే చెమటకు తడిసిన నూలు త్వరగా ఆరదు. దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, ఆపైన గాలినీ నీటినీ ఆపే జాకెట్టు వేసుకుని, ఎక్కేటప్పుడు ఒక పొర విప్పుతూ, ఆగగానే మళ్లీ తొడుక్కోవాలి. ఈకలు నింపిన డౌన్ జాకెట్టు తడిస్తే వెచ్చదనం పోతుంది కనుక దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంచాలి. మైదానాల వానకు పనికొచ్చే పోంచో కనుమ మీది గాలికి తలమీదికి ఎగిరిపడుతుంది. రెండు జతల చేతి తొడుగులు, మంచు మీది వెలుగును ఆపగల నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. నీటిసంచి గొట్టం తెల్లవారుజామున గడ్డకడుతుంది, సీసాయే మేలు. ఫోను, బ్యాటరీలు రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే ఉండాలి. డౌన్ జాకెట్టు, స్లీపింగ్ బ్యాగు పోఖరా నగరంలోని లేక్‌సైడ్ ప్రాంతంలో అద్దెకు దొరుకుతాయి, కానీ జిప్పులు పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకోవాలి.

కనుమకు ముందు రాత్రి దాని అడుగునున్న తొరంగ్ ఫేదీలో పడుకోవాలా, సుమారు 400 మీటర్ల పైనున్న హైక్యాంపులోనా అన్నది అందరూ తర్జనభర్జన పడే విషయం. హైక్యాంపులో ఉంటే మరునాటి ఎక్కుడు తగ్గుతుంది, నిజమే. అయితే అక్కడ నిద్ర సరిగా పట్టదు, రాత్రి మంచు కురిస్తే నిటారైన దారిలో దిగడం కష్టం. నేను ఫేదీనే ఎంచుకుంటాను. పొద్దెక్కేకొద్దీ కనుమ మీద గాలి బలపడుతుంది కనుక ఎక్కడ పడుకున్నా చీకటితోనే బయలుదేరాలి. మబ్బు కమ్ముకుని ముందున్న దారి గుర్తులు కనిపించకపోతే వెనుదిరగాలి, ఎందుకంటే అవతల ముక్తినాథ్ వైపు 1,600 మీటర్లకు పైగా దిగాలి.

లాడ్జీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. గదులు చౌక, పైకి వెళ్లేకొద్దీ భోజనం ఖరీదు, వేడినీటికీ చార్జింగుకూ విడిగా చెల్లించాలి. ఒక చోట మాకు ఇచ్చిన దుప్పట్లు తడిగా ఉన్నాయి. సొంత స్లీపింగ్ బ్యాగులు లేకుంటే ఆ రాత్రి గడిచేది కాదు.

ముక్తినాథ్ దర్శనానికి విమానంలో వచ్చే మన యాత్రికులకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. కాళీ గండకి లోయలో మధ్యాహ్నానికి పెనుగాలి వీస్తుంది కనుక పోఖరా నుంచి ముక్తినాథ్‌కు దగ్గరి విమానాశ్రయమైన జోమ్‌సోమ్‌కు విమానాలు ఉదయమే నడుస్తాయి, మబ్బు పడితే రద్దవుతాయి. అప్పుడు జీపులోనో బస్సులోనో రోడ్డున పోఖరా చేరాలి కాబట్టి, అక్కడి నుంచి ఇంటికి టికెట్టును ఒక రోజు ఆలస్యంగా ఉండేలా తీసుకోవడం మంచిది.