పట్టేసిన స్క్రూ ముందు ఇంపాక్ట్ డ్రైవర్: కొన్నేళ్ల వాడకం తరువాత

పాత బైకు ఇంజను ఇంట్లోనే విప్పుకునేవాళ్లు పానాల సెట్టు తరువాత కొనవలసింది సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరే అని నా గట్టి అభిప్రాయం. బ్యాటరీతో తిరిగే యంత్రం గురించి కాదు, గుప్పిట్లో పట్టేంత లావున్న ఉక్కు పనిముట్టు గురించి చెబుతున్నాను. దానికి ఒక కొసన బిట్ పెడతాం, రెండో కొసన సుత్తితో కొడతాం. నేను కొన్నది వెయ్యి రూపాయల లోపే. విశాఖపట్నంలో మా ఇంటి వరండాలో ఒక యమహా ఆర్ఎక్స్ 100నూ, ఒక హీరో హోండా స్ప్లెండర్‌నూ దీని సాయంతోనే విప్పుతూ, బిగిస్తూ వస్తున్నాను.

ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ప్రతి బండికీ దాదాపు ముప్పై ఏళ్లు, లేదా అంతకన్నా ఎక్కువ. దాని క్లచ్ కవరు, మాగ్నెటు కవరు అల్యూమినియం. వాటిని పట్టి ఉంచే స్క్రూలు ఉక్కువి. ఈ రెండు లోహాల మధ్య తేమ, అందులోనూ ఉప్పు కలిసిన సముద్రపు తేమ చేరితే అల్యూమినియం తినేయబడి తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి స్క్రూ మరల (థ్రెడ్ల) సందుల్లో బిగుసుకుపోతుంది. ఎర్రని తుప్పు కనిపించలేదని ధైర్యంగా స్క్రూడ్రైవర్ పెడితే స్క్రూ కదలదు, తల మాత్రం అరుగుతుంది.

చాలామంది ఇక్కడ కావలసింది బలం అనుకుంటారు. నా అనుభవంలో అసలు చిక్కు బలం కాదు, స్క్రూ తలలో బిట్ నిలవకపోవడం. ఫిలిప్స్, అంటే ప్లస్ గుర్తు ఆకారపు గాడి అంచులు ఏటవాలుగా ఉంటాయి. ఎంత గట్టిగా తిప్పితే బిట్ అంత గట్టిగా పైకి ఎక్కి బయటకు జారుతుంది. జారిన ప్రతిసారీ గాడి అంచును కొంత తీసుకుపోతుంది. ఇంపాక్ట్ డ్రైవర్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. దాని లోపల మెలికగా కోసిన వాలు ఒకటి ఉంటుంది. సుత్తి దెబ్బ పడగానే బిట్ గాడిలోకి బలంగా దిగుతుంది, సరిగ్గా అదే క్షణంలో ఆ వాలు మీదుగా కొన్ని డిగ్రీలు తిరుగుతుంది. పైకి జారడానికి దానికి వ్యవధి ఉండదు. పైగా ఆ అదురుకు మరల్లో పట్టిన పొడి కూడా చిట్లుతుంది. మనిషి చేతులతో ఒకేసారి ఇంత అదుముడూ ఇంత తిప్పుడూ సాధ్యం కాదు.

అయితే సరైన బిట్ లేకపోతే ఇదీ తల అరగదీసేదే. జపాన్ డిజైనుతో వచ్చిన బళ్ల స్క్రూలు చూడటానికి ఫిలిప్స్‌లా ఉన్నా జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) కొలతలవి. తల మీద చిన్న చుక్క గుంట ఉంటే అది జేఐఎస్ అని గుర్తు. మన దుకాణాల్లో స్టార్ స్క్రూడ్రైవర్ అని అమ్మేది ఫిలిప్స్. దాని మొన జేఐఎస్ గాడి అడుగుకు ముందే తగులుతుంది, రెక్కలు గోడలకు పూర్తిగా ఆనవు. జేఐఎస్ బిట్ దొరికితే మంచిదే. దొరకకపోతే ఫిలిప్స్ బిట్ మొనను గ్రైండరు మీద కొద్దిగా తీసేస్తే చక్కగా కూర్చుంటుంది. కవరు స్క్రూలు ఎం6 (6 మిల్లీమీటర్ల మర) కాబట్టి 3వ నంబరు బిట్ కావాలి. చేతికి అందిందని 2వ నంబరుతో మొదలుపెట్టకండి. బిట్ కొనకు వాల్వులు నూరే పేస్టు రవ్వంత రాస్తే పట్టు ఇంకా పెరుగుతుంది.

నేను పని చేసే తీరు ఇది. గాడిలోని మట్టిని సూదితో పూర్తిగా తీస్తాను. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేస్తాను. డబ్ల్యూడీ-40 చాలదా అని చాలామంది అడుగుతారు. 1953లో శాన్ డియేగోలోని ఒక చిన్న రసాయన కంపెనీ దాన్ని లోహం మీది తేమను తరిమేసి తుప్పు రాకుండా ఆపడానికి తయారు చేసింది. పేరులోని 40 నలభయ్యో ప్రయత్నానికి గుర్తు. తేలికపాటి తుప్పుకు అది చాలు. లోతుగా పట్టేసిన మరకు మాత్రం ప్రత్యేకంగా లోపలికి ఇంకే నూనె మేలు. అదే కంపెనీ అలాంటి నూనెను వేరే డబ్బాలో అమ్ముతోంది కూడా.

మర్నాడు డ్రైవర్‌ను విప్పే దిశకు మార్చి, బిట్‌ను స్క్రూకు సరిగ్గా నిటారుగా నిలిపి, పిడిని ఎడమ వైపు గట్టిగా బిగబట్టి కొడతాను. బిగబట్టడం మరిస్తే దెబ్బ శక్తి వృథా అవుతుంది. కిలో బరువున్న సుత్తితో ఒక్క నిండు దెబ్బ వేయడం, చిన్న సుత్తితో పది సార్లు తట్టడం కన్నా ఎంతో నయం. దెబ్బ దెబ్బకూ ఆగి గాడిని చూస్తాను. అంచు మెరుస్తూ చిట్లుతున్నట్లు కనిపిస్తే అక్కడితో ఆపి వేడి మార్గం పడతాను. అల్యూమినియం వేడికి ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి స్క్రూ చుట్టూ కవరును వేడి గాలి గన్‌తో కాస్తే పట్టు సడలుతుంది. ముందు నూనె అంతా తుడిచి, పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టాలి. మంట మాత్రం వద్దు, లోపలి ఆయిల్ సీళ్లు కాలిపోతాయి.

ఇక నచ్చనివి. నా సెట్టుతో వచ్చిన బిట్లు నాసిరకం. ఒకటి విరిగింది, మరొకటి మెలిపడింది. ఎస్2 అనే గట్టి రకం ఉక్కు బిట్లు విడిగా కొన్నాక బాధ తీరింది. కొనేటప్పుడు బిట్ కాడ కొలత చూసుకోవాలి. ఇలాంటి డ్రైవర్లలో చాలావాటికి 8 మిల్లీమీటర్ల కాడ కావాలి, మామూలు స్క్రూడ్రైవర్ సెట్లలోని సన్న బిట్లు వాటిలో నిలవవు. దెబ్బలు తిన్న కొస క్రమంగా గొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచులను ఎప్పటికప్పుడు గ్రైండ్ చేయకపోతే ఉక్కు రవ్వ ఎగిరి కంట్లో పడే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు లేకుండా దీన్ని చేతిలోకి తీసుకోనే కూడదు. ముందు భాగాన చదరపు కాడ ఉంది కదా అని మెరిసే మామూలు సాకెట్లు తొడగకండి. అవి పగులుతాయి, దీనికి నల్లని ఇంపాక్ట్ సాకెట్లే వాడాలి.

అన్ని చోట్లా కొట్టదగినదీ కాదిది. స్ప్లెండర్ కుడి కవరు లోపల క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర ఆయిల్ ఫిల్టర్ రోటర్ ఉంటుంది. దాని మూత స్క్రూల మీద పడే దెబ్బ నేరుగా క్రాంకు బేరింగులకు చేరుతుంది. అక్కడ బిట్ సరిగ్గా కూర్చోబెట్టి ముందు చేత్తోనే ప్రయత్నిస్తాను. తప్పనిసరైతే ఒక తేలికపాటి దెబ్బ, అంతే. కార్బురేటర్ స్క్రూల దగ్గరకు దీన్ని అసలు తీసుకురాకూడదు. సైలెన్సర్ స్టడ్లకు (తల లేని బోల్టులకు) బిగిసిన నట్లకూ ఇది పనికిరాదు. అక్కడ నూనె, వేడి, ఓపిక పని చేస్తాయి, స్టడ్ విరిగితే లేత్ షాపే దిక్కు.

కవరు స్క్రూ తల పూర్తిగా పోయినా కంగారు పడనవసరం లేదు. కాడ కన్నా కాస్త పెద్ద డ్రిల్ బిట్‌తో తల మాత్రం తొలిచేస్తే కవరు ఊడి వస్తుంది. తలతో పాటు బిగుతు కూడా పోతుంది కాబట్టి మిగిలిన కాడ చాలాసార్లు ప్లయరుకే తిరుగుతుంది.

తిరిగి బిగించేటప్పుడు పాత స్క్రూలు వద్దు. నేను ఆర్ఎక్స్ 100కు కవరు స్క్రూలన్నీ తీసేసి అలన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) వేశాను. మరలను వైరు బ్రష్‌తో తోమి, మరలు పట్టేయకుండా చేసే యాంటీసీజ్ పేస్టు పలుచగా రాసి, బిగుతును కొలిచే టార్క్ పానాతో బిగిస్తాను. ఎం6కు 10 న్యూటన్ మీటర్లు దాటకూడదు, పేస్టు రాసిన మరకు అంతకన్నా తక్కువే చాలు. ఒక్కటే జాగ్రత్త, అలన్ బోల్టు తల గుంటలో వాన నీరు నిలుస్తుంది. అందుకే గుంట నిండా గ్రీజు పెట్టి వదిలేస్తాను, విప్పే ముందు పుల్లతో తీసేస్తే సరిపోతుంది.